నాలుగోవాడిగా ఒక రాయి

నీళ్లలో మునిగే పని చేసేవాళ్లు మా సీమలో ఉన్నారంటే ఎవరూ నమ్మరు. తాగడానికే లేవు, మునగడానికి ఎక్కడివి అని నవ్వుతారు. నవ్వనీ. కల్లూరులో నాకు మోటార్లు రిపేరు చేసే షాపుంది. ఆత్మకూరు అవతల డ్యాం వెనక నీళ్లలో రైతులు ఖాళీ డ్రమ్ములతో తెప్ప కట్టి, దాని మీద మోటారు పెట్టుకుంటారు. పెద్ద గాలి వచ్చిందంటే తెప్ప బోల్తా పడుతుంది, మోటారు అడుగుకు పోతుంది. తీసిచ్చే మనిషి దొరకడు. ఆ పని మనమే చేద్దామని ముగ్గురం విశాఖ వెళ్లి, సిలిండరు వీపున కట్టుకుని దిగడం నేర్చుకొచ్చాం. నేను, డోన్ నుంచి ఒకడు, ఆత్మకూరు నుంచి ఒకడు. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లం, ఒకే సబ్బు అరగదీసినవాళ్లం.

మాకు నేర్పినాయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు. దిగితే ఇద్దరే దిగండి అన్నాడు. ఇద్దరున్నప్పుడు పక్కవాడు కనపడకపోతే వెంటనే గుండె గుభేలుమంటుంది, వెతుకుతాం. ముగ్గురు దిగితే మాత్రం, కనపడనివాడు ఇంకొకడి దగ్గర ఉన్నాడులే అని ఇద్దరూ అనుకుంటారట. తప్పనిసరై ముగ్గురు దిగాల్సి వస్తే ఎవరు ఎవర్ని చూసుకోవాలో ఒడ్డునే తేల్చుకోమన్నాడు. మేం బుద్ధిగా తలలూపాం. నాలుగేళ్లు అట్లాగే చేశాం కూడా. ఇద్దరు లోపల, ఒకడు ఒడ్డున తాడు పట్టుకుని. ఒడ్డున ఉండేందుకు వంతులు వేసుకునేవాళ్లం.

ఆరోజు ఒక పెద్ద రైతు మోటారు పైపులతో సహా ఒండ్రులో కూరుకుపోయింది. మిరప తోట వాడిపోతోంది, ఆయన కాళ్లు ఒకచోట నిలవడం లేదు. పైపు విప్పడానికి ఇద్దరు, గొలుసు చుట్టడానికి ఒకడు కావాలి. ముగ్గురం దిగుదామని అన్నది నేనే. మూడు సిలిండర్లు సర్దుకుంటుంటే ఆ రైతు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ముగ్గురు కలిసి పనికి పోగూడదప్పా. మంచిది కాదు. ఒక రాయన్నా ఎత్తుకోండి, నలుగురైతారు" అన్నాడు.

మా వైపు ఎవరికైనా ఇది కొత్త సంగతి కాదు. పెళ్లి మాటలకు ముగ్గురు బయలుదేరినా జేబులో ఒక రాయి వేసుకునే పోతారు. ఆయన ఏరి ఇచ్చిన గులకరాయిని నేను నడుము సంచిలో వేసుకున్నాను. వేసుకుని ఊరుకున్నానా? నోటి దురద ఒకటుంది కదా.

"జతలు కుదిరినాయి రా! మీరిద్దరూ ఒక జత, నేనూ నా రాయీ ఒక జత" అన్నాను.

ముగ్గురం పగలబడి నవ్వాం. ఎవరు ఎవర్ని చూసుకోవాలన్న మాట ఆ నవ్వులోనే తేలిపోయింది.

అడుగున చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. తడుముకుంటూ గొలుసు చుట్టాను. వెనక్కి తిరగబోతే వీపు కదల్లేదు. ఎవరో వదిలేసిన చేపల వల సిలిండరు మెడకు చుట్టుకుంది. గుంజేకొద్దీ బిగిసింది. మాకున్న ఒక్క కత్తి డోన్ వాడి కాలికి కట్టి ఉంది. సంచిలోంచి రాయి తీసి సిలిండరు మీద కొట్టాను. ఆ మోత నీళ్లలో బాగా వినపడుతుంది, ఆపదలో ఉన్నామని గుర్తు. ఆగి విన్నాను. జవాబు లేదు. మళ్లీ కొట్టాను, ఇంకా గట్టిగా కొట్టాను. గాలి మీటరును ముఖం అద్దానికి ఆనించుకుని చూస్తే ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తోంది. అప్పుడు నాకు భయం వేసింది. చచ్చిపోతానని కాదు. వీళ్లు వెతకడం లేదని తెలిసి భయం వేసింది.

ఆఖరికి సిలిండరును ఒంటి మీద నుంచి విప్పి, గొట్టం మాత్రం పళ్ల మధ్య పట్టుకుని, దాన్ని ముందుకు తిప్పుకుని, వల పోగులు ఒక్కొక్కటే వదిలించుకున్నాను. పైకొచ్చేసరికి వేళ్లు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఒడ్డున ఇద్దరూ తువ్వాళ్లు కప్పుకుని కూర్చుని, రైతు ఇచ్చిపోయిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

"ఇంకా లోపలే ఉండావా? కంప చాటుకు పోయినావనుకుంటిమే!" అన్నాడు డోన్ వాడు.

వాడిని అడిగితే నేను ఆత్మకూరు వాడి వెనకే పైకొచ్చానని అనుకున్నాడట. ఆత్మకూరు వాడేమో డోన్ వాడు నన్ను పైకి పంపాడని అనుకున్నాడట. నేర్పినాయన చెప్పింది చెప్పినట్టే జరిగింది. నేను ముఖానికున్న అద్దం తీసి నేలకేసి కొట్టాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, వాళ్ల పుట్టుకల్ని కూడా వదల్లేదు. డోన్ వాడు తల దించుకున్నాడు. ఆత్మకూరు వాడు మాత్రం నేను అలిసిపోయేదాకా ఆగాడు.

"అయిపాయనా? ఇంగ నా మాట విను" అన్నాడు. "పోయినేడు కర్నూలు ఆస్పత్రిలో మా నాయనకు కాలు తీసేస్తాంటే నువ్వు యాడుంటివిరా? కల్లూరు నుంచి షేర్ ఆటో ఎక్కితే ఎంతసేపు? నువ్వేమో వీడు వచ్చినాడనుకుంటివి. వీడేమో నువ్వు వచ్చినావనుకున్యాడు. కాలు తీసేదానికి నన్ను సంతకం పెట్టమన్యారు. సాక్షి ఒకరు కావాలన్యారు. తెలిసినోళ్లు ఎవురూ లేకపోతే పక్క మంచం ముసలాయప్ప వేలిముద్ర ఏసినాడు. నీ మీద ఒక్కసారన్నా అరిసినానా?"

ఆ మాటతో నా కోపం చల్లారిందని రాస్తే అబద్ధం. ఇంకా మండింది. చావుకూ పలకరింపుకూ పోలికేందిరా అని అరిచాను. సామాను ఎత్తుకుని వచ్చేశాను. అయితే వాడు చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ రోజుల్లో మా ఇంటామె రెండుసార్లు గుర్తుచేసింది, చూసి రాలేదా అని. డోన్ వాడు ఉన్నాడులే, షాపులో పని ఒత్తిడి తగ్గాక పోతాను అన్నాను. తర్వాత పెద్దాయన ఇంటికి పోయాడని తెలిసి, ఇక పోయి ఏం చెప్పాలి అని మానేశాను. వాడు ఆరోజు అనేదాకా ఆ సంగతి నాకు గుర్తు కూడా లేదు. అదే నాకు మింగుడు పడనిది.

ఆ తర్వాత ముగ్గురం కలిసి పనికి పోలేదు. ఇద్దరమైనా పోదామంటే ఏ ఇద్దరు? సిలిండర్లు షాపు వెనక దుమ్ము పట్టాయి. ఆత్మకూరు వాడి వాటా సామాను వాడికి ఇచ్చేసి తెగతెంపులు చేసుకుందామని కొన్ని నెలల తర్వాత ఆత్మకూరు పోయాను. నాలుగు మాటలు అనాలని దారంతా కూడబలుక్కున్నాను కూడా. వాడు ఇంట్లో లేడు. వసారాలో మంచం మీద వాళ్ల నాయన కూర్చుని ఉన్నాడు. పంచె ఒకవైపు మడిచి మోకాలి దగ్గర చెక్కుకున్నాడు.

"ఎవురబ్బీ?" అన్నాడు.

కల్లూరు నుంచి వచ్చానని చెప్పాను. ముసలాయన ముఖం విప్పారింది. రెండు చేతులూ చాపి నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు. వలకు చీరుకుపోయిన వేళ్ల మీద మచ్చలు తడిమాడు, ఏమైందని అడిగాడు. మోటారు పనిలో తగిలిందన్నాను.

"నాకు తెలివి లేని ఆ రెండు దినాలూ మీరే వంతులేసుకుని నా కాడ ఉన్యారంట గదా. మావోడు చెప్పినాడు. స్నేహితులంటే అట్లుండల్ల అబ్బీ" అన్నాడు. "సాక్షి సంతకం పెట్టింది కూడా నువ్వేనంట?" అన్నాడు.

ఆయన చెయ్యి వదల్లేదు. జవాబు కోసం నా ముఖంలోకే చూస్తున్నాడు.

"అవును పెదనాయనా" అన్నాను.