కుంకుమ అంటిన డబ్బా

డెబ్బై నాలుగు ఎండాకాలంలో బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో ఇన్‌స్పెక్టరుగా చేరాను. పేరు గొప్ప ఊరు దిబ్బ! నా కింద ఒక్కడూ లేడు. తయారైన భాగాన్ని మైక్రోమీటరుతో కొలవడం, సరిగ్గా ఉంటే దాని కాగితం మీద నా ముద్ర వేయడం, అంతే పని. ఆ ముద్ర పడనిదే సరుకు గేటు దాటకూడదు.

యజమాని నర్సింగరావు గారు అప్పటిదాకా నీటి పంపుల భాగాలు చేయించేవారు. పట్టు వదలకుండా తిరిగి తిరిగి, నేను చేరిన కొన్ని నెలలకు బెంగళూరు వాళ్ల దగ్గర ఉపగ్రహం పని సంపాదించారు. అల్యూమినియం దిమ్మలు తొలిచి, లోపల సర్క్యూట్లు అమర్చడానికి మూడు డబ్బాలు చేసివ్వాలి. మా చేతి పనితనం చూడటానికి ఇచ్చిన పని అది. నెగ్గితే అసలు ఆర్డరు, లేదంటే మళ్లీ పంపులే. "ఇది పోతే ఇగ మనల్ని ఎవ్వడు నమ్మడు, మూర్తీ" అని ఆయన రోజుకొకసారైనా అనేవారు.

కొలతల కన్నా శుభ్రతే కఠినం. గాలి లేని చోట నూనె మరక ఆవిరై, వెళ్లి పక్కనున్న సున్నితమైన పరికరం మీద పేరుకుంటుంది. పైకెళ్లాక తుడిచే దిక్కుండదు. ఇప్పుడు కోకాపేట మేడల్లో ఉపగ్రహాలు కట్టే పిల్లలు, అంతరిక్షంలో చెత్త వదలకుండా ఎలా తిరగాలా అని ఆలోచిస్తున్నారు. మా తంటా అంతా మురికిని పైకి పంపకుండా చూడటమే. అందుకని డబ్బాను నూనె జిడ్డు వదిలించే ఎసిటోన్‌తో కడిగాక తెల్ల చేతితొడుగులతోనే పట్టుకోవాలని నియమం. దాన్ని చక్కగా ఇంగ్లీషులో టైపు చేయించి గోడకు అంటించాను. ఎంత తెలివి!

డబ్బాలు తొలిచింది మల్లేశం. కూకట్‌పల్లి మనిషి, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. మిల్లింగ్ మెషిన్ మీద అతని చేయి తిరుగులేనిది. మూడు డబ్బాలూ కొలతకు వచ్చాయి. కడిగించి, ముద్ర వేసి, పాలిథిన్‌లో చుట్టించాను.

మర్నాడు ఉదయం పది గంటలకు బెంగళూరు నుంచి వాళ్ల ఇన్‌స్పెక్టరు రావాలి. తొమ్మిదిన్నరకు చూస్తే ఒక డబ్బా కవరు విప్పి ఉంది. మూత దగ్గర, మర మేకు బిగించే రంధ్రం పక్కన, ఎర్రగా బొట్టు! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎవడయ్యా ఈ పని చేసింది?" అని అరిచాను.

"నేనే సార్" అన్నాడు మల్లేశం, మెచ్చుకుంటాననుకుని. "కొత్త పని గడప దాటుతుంటె బొట్టు వెట్టకుంట పంపుతమా? రాలిపోకుండ జర కొబ్బరి నూనె గూడ కలిపిన."

మా దగ్గర తొలి సరుకు ఏదైనా అలాగే బయలుదేరేది. పంపులకు నేనే కొబ్బరికాయ కొట్టినవాణ్ణి. కుంకుమను అతను మురికి అనుకుంటాడా? ఆ మాట నేనెప్పుడైనా చెప్పానా?

గబగబా ఎసిటోన్‌తో తుడిచాను. కంటికి ఏమీ కనిపించలేదు. మళ్లీ పూర్తిగా కడిగించే వ్యవధి లేదు. నర్సింగరావు గారు వచ్చి చూసి, "పోయింది గదా, ఇగ చెప్పుడెందుకు? పరేషాన్ చెయ్యకు" అన్నారు. నేను తల ఊపాను.

వచ్చినాయన నెల్లూరు మనిషి, మితభాషి. గంటన్నర సేపు కొలిచాడు. ఒక్కొక్క అంకె రాసుకుంటుంటే నర్సింగరావు గారి ముఖం తేటపడుతోంది, నేను ఆ రంధ్రం వైపే చూస్తున్నాను. చివరికి ఫారం తీసి అడిగాడు: "కడిగాక వట్టి చేత్తో ఎవరైనా ముట్టుకున్నారాండీ?"

"లేదండి" అన్నాను.

వెనక మెషిన్ దగ్గర నుంచి మల్లేశం గొంతు వినిపించింది. "నేను ముట్టిన సార్. బొట్టు వెట్టిన, నూనెతోటి. మూర్తి సార్ తుడిచిండు, గని మర లోపల ఉంటది."

నర్సింగరావు గారు కళ్లు మూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు పుల్లకు దూది చుట్టి, ఎసిటోన్‌లో ముంచి, రంధ్రంలో తిప్పి బయటికి తీశాడు. దూది గులాబీ రంగులో ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.  ఆయన ఫారంలో ఆ డబ్బాను తిరస్కరించి, తక్కిన రెండూ తీసుకుని వెళ్లిపోయాడు. మల్లేశాన్ని వెళ్లగొడతానని నర్సింగరావు గారు సాయంత్రం దాకా కేకలేశారు. వెళ్లగొట్టలేదు. అలాంటి చేయి ఆయనకు ఇంకోటి లేదు.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది, ఒక షరతుతో. శుభ్రత కాగితం మీద మల్లేశం సంతకం ఉంటేనే సరుకు తీసుకుంటారు, నా ముద్ర ఒక్కటే చాలదు. నేను నియమాలన్నీ తెలుగులో రాసి, అతనికి చదివి వినిపించి, బొట్టు ఇకమీదట సరుకు పంపే చెక్కపెట్టెకు పెట్టమన్నాను. రెండేళ్లపాటు అతను కూడబలుక్కుంటూ పెట్టిన తెలుగు సంతకం కిందే నా సంతకం పెట్టాను. మొదట్లో ఉడుక్కున్నాను కూడా.

ఆ పనితో మా వర్క్‌షాపు పెరిగింది, కొత్త షెడ్డు లేచింది. నేను నేర్చుకున్నది మాత్రం చిన్నదే. లోహం ఇంకా మిగిలుంటే గీకి కొలతకు తేవచ్చు, ఎక్కువ కోసేస్తే కొత్త దిమ్మ తెచ్చుకోవాల్సిందే. తనిఖీ చేసేవాడి మాట రెండో రకం, ఒక్క అబద్ధంతో పోతే గీకి సరిచేయలేం. నాకు కొత్తది తయారు చేసుకోవడానికి రెండేళ్లు పట్టింది.