ఆదివారం వదిలిన నీళ్లు

కొవ్వూరు బస్టాండులో టీ తాగుతుంటే, మా హైస్కూల్లో అటెండరుగా చేసిన పెద్దాయన ఎదురై చెప్పాడు. "సైన్సు టీచరుగారు పోయారండి. నిద్రలోనేనంట." గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

టీచరుగారూ నేనూ పదకొండేళ్లు ఒకే స్కూల్లో పనిచేశాం. నేను తెలుగు మాస్టారిని. సుద్దపొడి అంటిన చేతిని కొంగుకు తుడుచుకోవడం ఆవిడకు అలవాటు. సాయంత్రానికి ఏ రంగు చీరైనా ఓ పక్క తెల్లబడేది.

తొంభైల నడుమ ఒక కార్తీకంలో మా ఊరి కాలువలో చేపలు చచ్చి తేలాయి. తెల్లవారుజామున స్నానాలకు రేవులో దిగిన ఆడవాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు. ఎగువన ఉన్న ఫ్యాక్టరీ పనేనని అందరికీ తెలుసు. కానీ దాదాపు ఇంటికొకరు అక్కడే పనిచేస్తున్నారు. టీచరుగారి తమ్ముడూ అక్కడే. ఎవరూ నోరు మెదపలేదు.

ఆవిడ అర్జీ రాయమని నన్నడిగారు. ఫ్యాక్టరీని కాలనాగుతో పోల్చి రెండు పేజీలు రాసిచ్చాను. చదివి నవ్వారు.

"ఈ పోలికలు మీ క్లాసుకి ఉంచుకోండి మాస్టారూ. ఏ రేవు, ఏ రోజు, ఎన్నింటికి? అది రాయండి. మన కోపానికి ఆఫీసులో జవాబుండదు, తారీఖుకి ఉంటుంది."

అర్జీ పట్టుకుని కాకినాడలో కాలుష్య నియంత్రణ అధికారి దగ్గరకు వెళ్లారు. ఆయన ఒక బుధవారం వచ్చి చూస్తే నీళ్లు తేటగా ఉన్నాయి. ఊళ్లో కొందరు నవ్వారు. ఆవిడ మాత్రం మర్నాటి నుంచి రోజూ రేవుకు వెళ్లి నీళ్ల రంగు, వాసన నోటుబుక్కులో రాసుకున్నారు. రెండు నెలలకు సంగతి తేలింది. ఆఫీసులకు సెలవు ఉండే ఆదివారాలే నల్లనీళ్లు వస్తున్నాయి.

మళ్లీ కాకినాడ వెళ్లి నోటుబుక్కు చూపించారు. "ఈసారి ఆదివారం రండి సార్. భోజనం మా ఇంట్లోనే."

ఆ మాట తెలిసి తమ్ముడు ఆవిడ ఇంటి అరుగు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఫ్యాక్టరీ మూసేస్తే నా పిల్లలకి నువ్వు పెడతావా అక్కా?"

"మూయమనట్లేదురా. శుభ్రం చేసి వదలమంటున్నాను. నీ పిల్లలు ఈదేదీ ఈ కాలువలోనే కదా!"

అతను గుమ్మం ఎక్కకుండానే వెళ్లిపోయాడు.

అధికారి ఆదివారమే వచ్చారు. ఫ్యాక్టరీ నీళ్లు వదిలే గొట్టం దగ్గర తన చేతులతోనే నీళ్లు సీసాలో పట్టారు. నోటీసు వెళ్లింది. ఏడాది తిరిగేసరికి ఫ్యాక్టరీవాళ్లు నీళ్లు శుద్ధిచేసే తొట్లు కట్టారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. తమ్ముడు మాత్రం మాట్లాడలేదు. దీపావళి వెళ్లాక అక్కచెల్లెళ్ల చేతి భోజనానికి అన్నదమ్ములు వచ్చే రోజున ఆవిడ అతనికి విస్తరి వేసి, మధ్యాహ్నం దాటేదాకా తినకుండా కూర్చునేవారు. మూడేళ్లు ఆ విస్తరి ఖాళీగానే ఉంది. నాలుగో ఏడు వచ్చాడు. "పప్పులో ఉప్పు తక్కువైందే" అన్నాడట. ఆ ముక్క నాకు చెబుతూ ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

రిటైరయ్యాక ఒకసారి ఆవిడను చూద్దామని వెళితే రేవులో ఉన్నారన్నారు. మోకాళ్లలోతు నీళ్లలో, కుచ్చిళ్లు పైకి పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నారు.

"ఏంటండీ, అలా నిలబడిపోయారు?"

"గట్టిగా మాట్లాడకండి మాస్టారూ, పారిపోతాయి."

మెట్టు దిగి చూశాను. వేలెడంత పరిగె చేపలు ఆవిడ పాదాల చుట్టూ మూగి, వేళ్ల సందుల్లో కొరుకుతున్నాయి. చక్కిలిగింతకు నవ్వాపుకుంటూ, ఊపిరి బిగబట్టి, టీచరుగారు అలాగే నిలబడి ఉన్నారు.