వేపనూనె మరక

నా చేతి బొటనవేలి గోరు పుచ్చిందని నిన్న వేపనూనె సీసా మూత తీశాను. ఆ చేదు వాసనకు ఎమ్మిగనూరులోని మా మగ్గం గుర్తొచ్చింది.

అప్పట్లో మా నాయన బొటనవేలి గోరు పచ్చబడి పుచ్చింది. దాని గరుకు అంచు తగిలి నేతలో పోగులు తెగేవి.

"ఆ గోరు సచ్చిపోయిందప్పా. వేపనూనె పుయ్యకపోతే పక్కవాటికీ పాకుతాది" అని అవ్వ రోజూ పోరేది.

"ఈ సీర అయిపోనీమ్మా" అనేవాడు నాయన.

చావు గోరులోంచి చేతికీ, చేతిలోంచి నాయనకూ పాకుతుందని నేను హడలిపోయాను. ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, ఊపిరి బిగబట్టి ఆ గోరుకు నూనె పూశాను. ఆయన నిద్రమత్తులోనే లేచి మగ్గం గుంటలోకి దిగాడు.

కాసేపటికి మగ్గం చప్పుడు ఆగిపోయింది. నేస్తున్న తెల్లచీర మీద వేలెడంత మరక. నాయన వేలు వాసన చూసుకుని నా వైపు చూశాడు. నేను తలుపు చాటుకు జరిగాను.

"ఏమైందప్పా?" అంటూ అవ్వ వచ్చింది.

"నేనే నూనె పూసుకోని, తుడుసుకునేది మర్సిపోయినానమ్మా" అన్నాడు నాయన.

సాయంత్రం నా ముందు కూర్చుని వేలు చాపాడు. "ఇప్పుడు పుయ్యి. మగ్గం పని అయినాకనే పుయ్యల్ల."

కొత్త గోరు వచ్చేదాకా, నెలల తరబడి, రోజూ నేనే పూశాను. మరక మాట ఆయన ఎత్తలేదు.

నిన్న నూనె పూసుకున్నాక చాలాసేపు దేన్నీ ముట్టలేదు. ఈ ఇంట్లో మగ్గం లేదు.