పేపర్లో రాని మాట

మా వీధి చివర కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్ల కోసం బోరు లారీ వచ్చి నాలుగు రోజులైంది. పొద్దున గ్లాసులో కాఫీ పోసి బల్ల మీద పెడితే సన్నగా వణుకుతుంది. హోసూరులో ఇది కొత్త సంగతేమీ కాదు, ఇరుగుపొరుగు వాళ్ళు కిటికీలు మూసుకుని టీవీ శబ్దం కాస్త పెంచుకుంటారు, అంతే. నాకు మాత్రం ఆ అదురు అరికాళ్ళ నుంచి పైకి పాకుతుంటే లేచి వెళ్ళి ఎవరినో హెచ్చరించాలన్నట్టు ఉంటుంది. ఎవరిని, ఏమని అన్నది తోచదు. నిన్న మధ్యాహ్నం ఆ గుంతలోంచి లేచిన తెల్లటి రాతిపొడి పొగలా వచ్చి మా గేటు మీద, తులసి కుండీ మీద పేరుకుంది. చెమ్మ అన్నదే లేని ఆ పొడిని చేత్తో తుడుస్తూ, ఇన్నేళ్ళుగా ఎవరికీ పూర్తిగా చెప్పని ఒక సంగతి ఇక చెప్పేయాలి అనుకున్నాను.

నేను ఆర్థిక విషయాలు రాసే విలేకరిగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఆ చదువు నాకు కాలేజీలో అబ్బింది కాదు. మా నాన్న కృష్ణగిరి మామిడి మండీలో కాటా దగ్గర ఉండేవారు. సెలవుల్లో ఆయనకు అన్నం క్యారియరు పట్టుకుపోయి, కావేరిపట్టణం నుంచి, ఊత్తంగరై నుంచి బండ్లు దిగుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. రేటు పలకకముందే రైతు ముఖం చూసి ఆ పూట బేరం ఎట్లా ఉందో చెప్పగలిగేదాన్ని. మా నాన్న దానికి నవ్వి, మెచ్చుకుని, ఒక పండు చేతిలో పెట్టేవారు. ఆ తర్వాత బెంగళూరులో ఒక ఇంగ్లీషు పత్రికలో చేరినప్పుడు, ఆడపిల్లకు ఇంతకంటే ఏమివ్వగలమన్నట్టు, కూరగాయల ధరల పట్టీ రాసే పని ఇచ్చారు. హోసూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. మన వయసు వాళ్ళకు ఆ బస్సులు జ్ఞాపకం ఉండే ఉంటాయి, సీటు దొరికితే ఆ పూటకు అదే పండగ.

అట్లా కొన్నేళ్ళు గడిచాక మా సంపాదకులు పిలిచి, మీ హోసూరు వైపు రోజా పూలు విమానమెక్కి పరదేశాలకు పోతున్నాయట, పెద్ద వ్యాసం రాయమన్నారు. నాకు వెతుక్కోవలసిన పని లేకపోయింది. అంచెట్టి పోయే దారిలో ఒక ఊళ్ళో మా చిన్నాన్న, తరతరాలుగా రాగి, ఉలవ పండిన చేలో ప్లాస్టిక్ పైకప్పు వేసి అప్పటికే రోజాలు పెంచుతున్నాడు. వారం రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాను. కప్పు కింద తెల్లవారుజామున వరసలు వరసలుగా విచ్చీ విచ్చని మొగ్గలు, వాటిని కత్తిరించి కట్టలు కట్టే ఆడవాళ్ళ చేతులు, మొట్టమొదటిసారి సొంత జీతం చూసిన కోడళ్ళ ముఖాలు. వ్యాసం తనంతట తానే కుదురుతున్నట్టు అనిపించింది.

ఆ ఊళ్ళో బావులు తవ్వే పెద్దాయన ఒకడు ఉండేవాడు. చుట్టుపక్కల పది ఊళ్ళ బావుల్లో సగం ఆయనా, ఆయన తండ్రీ తవ్వినవే. నేను వచ్చిన సంగతి విని, ఒక సాయంత్రం నన్ను మా చిన్నాన్న పాత బావి దగ్గరికి తీసుకుపోయాడు. నిలువెత్తు మనిషి లోతును మా వైపు ఒక మట్టు అంటారు, ఆ బావి ఎనిమిది మట్లు. ఆయన ఒక గులకరాయి లోపలికి వదిలి, చెయ్యెత్తి నన్ను మాట్లాడవద్దన్నాడు. శబ్దం రావలసిన సమయానికి రాలేదు. వచ్చినప్పుడు కూడా నీళ్ళ శబ్దంలా లేదు, ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఉంది. గోడ సందుల్లో ఎప్పుడూ ఉండే పావురాలు ఒక్కటీ లేవు.

"చూస్తివా అమ్మా. పైన పచ్చగా ఉండాది, అడుగున సచ్చిపోతా ఉండాది. ఆ బోరు మిషిన్లు తోడే నీళ్ళు మా తాత పుట్టకముందు దిగిన నీళ్ళు. అవి అయిపోతే మళ్ళీ యాడ నుంచి వస్తాయి? ఈ మాట రాసుకో."

నేను రాసుకున్నాను. ఆయనకు చదువు రాదు, అయినా నా పెన్ను కదిలినంతసేపూ దాన్నే చూస్తూ నిలబడ్డాడు. రాయడం అయిపోయాక, ఒక బరువు దించుకున్నవాడిలా తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

వ్యాసం రాసేటప్పుడు ఆ మాట ఒకచోట పెట్టాను, తీశాను, మరోచోట పెట్టాను. ఎక్కడ పెట్టినా రోజాల మధ్య ముల్లులా కనబడింది. సంపాదకులు తీసేయమన్నారని చెప్పుకోగలిగితే నాకు ఎంత సుఖంగా ఉండేదో. ఆయన అసలు ఆ మాట చూడనే లేదు. తీసింది నేనే. కథనం చక్కగా పారుతోంది, మధ్యలో ఈ ముసలాయన భయం ఎందుకు, దానికి వేరే వ్యాసం రాద్దాం అనుకున్నాను.

ఆ రోజాల వ్యాసాన్ని ఒక అరవ పత్రిక కూడా తన భాషలో వేసుకుంది, ఢిల్లీలో దానికి ఆ ఏటి ఉత్తమ ఆర్థిక రచన అని బహుమానం ఇచ్చారు. ధరల పట్టీ రాసే అమ్మాయి ఒక్కసారిగా పేరున్న మనిషి అయింది. ఆ వ్యాసం కత్తిరించి జేబులో పెట్టుకుని బెంగళూరు నుంచి కార్లలో జనం మా చిన్నాన్న ఊరు వెతుక్కుంటూ వచ్చారు. చేలు చేతులు మారాయి. ప్లాస్టిక్ కప్పులు కొండ అంచుదాకా పాకాయి, ఒక్కో కప్పుకూ ఒక్కో బోరు. నేను పండగకో పబ్బానికో పోయినప్పుడల్లా ఎక్కడో ఒక లారీ నేలను తొలుస్తూనే ఉండేది. ఒకసారి ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళకు ముందు చాలాసేపు గాలి వచ్చింది, పాము బుస కొట్టినట్టు. చిన్నమ్మ బిందె పట్టుకుని నీళ్ళ కోసం నిలబడింది. వేరే వ్యాసం ఇంకా రాయలేదు.

నాలుగో వేసవికి చిన్నాన్న బోర్లు రెండూ ఆగిపోయాయి. మొక్కలు నిలువునా మాడుతుంటే ఆయనకు పాత బావి గుర్తొచ్చింది. ఇంకో రెండు మట్లు దింపితే ఊట తగలవచ్చని బావుల పెద్దాయనను పిలిపించాడు. ఆయన బావి చుట్టూ తిరిగి, గోడ రాళ్ళు తట్టి చూసి, వద్దన్నాడట. తడి ఉన్నంతకాలం బిగిసి ఉన్న మట్టి ఎండి నెర్రెలిచ్చింది, దానికి తోడు చుట్టూ లారీల అదురు. చిన్నాన్న బతిమాలాడు. పెద్దాయన చిన్నప్పటి నుంచి ఆ ఇంటి గంజి తాగినవాడు, కాదనలేక దిగాడు. మూడో రోజు మధ్యాహ్నం ఉత్తరం వైపు గోడ ఒక్కసారిగా కూలింది. పైన ఉన్నవాళ్ళు పరుగెత్తి వచ్చేసరికి దుమ్ము తప్ప ఏమీ కనబడలేదట. ఆయనను బయటికి తీసేసరికి మర్నాడు పొద్దెక్కింది.

నేను పోయి వాళ్ళ గడపలో కూర్చున్నాను. ఆయన భార్య ఏడవలేదు, నన్ను తిట్టలేదు. ఎవరి గురించో చెబుతున్నట్టు మెల్లగా చెప్పింది.

"నీ పేపరు మాటలు అరవంలో అచ్చయి వచ్చిన దినం పొద్దున్నే తానం చేసి, ఉతికిన పంచె కట్టుకోని టీ అంగడికి పోయినాడమ్మా. నా మాట వస్తాది, ఇనండని అందరికీ చెప్పుండె. బడి అయివారు మొదటి నుంచి కడదాకా చదివినారు. ఇంటికొచ్చి కూడు తింటా అన్నాడు, 'జాగా చాల్లేదేమో లే, పాపం' అని."

ఆమె నన్ను ఓదారుస్తోందని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది.

జాగా ఉండింది. పేజీలో సగం రోజాల బొమ్మకే ఇచ్చారు.

ఆ నెలలోనే ఎండిన బావుల మీద రాశాను. ఆయన చెప్పింది చెప్పినట్టు, మొదటి వాక్యంగానే పెట్టాను. అది లోపలి పేజీలో ఒక మూలన వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. చిన్నాన్న మాత్రం, బావి సంగతి ఊరందరికీ చాటినావు కదమ్మా అని ఒక్క మాట అని, చివరిదాకా నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత పాతికేళ్ళలో నాకు ఇంకో రెండు బహుమానాలు వచ్చాయి. వాటి కోసం వేదిక ఎక్కిన ప్రతిసారీ, ఈసారి ఏ మాట వదిలేశానో అని వెతుక్కునేదాన్ని.

ఇప్పుడు ఆ పని చేసే పిల్లలు నాకంటే చురుకైనవాళ్ళు. ఏ ఊళ్ళో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో గదిలోంచి కదలకుండా, ఫోన్లోనే చూసి చెబుతారు. ఆ లోతులు ఏటేటా దిగిపోవడం అందరికీ కనిపిస్తూనే ఉంది, దాచేవాడు లేడు, వదిలేసేవాడు లేడు, చదివి ఉలిక్కిపడేవాడూ లేడు. మన రోజుల్లో వార్త తక్కువ, నమ్మకం ఎక్కువ. తన మాట అచ్చులో వస్తే లోకం ఆగి వింటుందనుకుని ఒక మనిషి పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకున్నాడు. అట్లా ఎదురుచూసేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.