'డ' అయిన అప్పన్న తాత

ఈ రోజు మారిషస్‌లోని ట్రియోలే ఊళ్లో మా తెలుగు బడి గెలిచింది! దిద్దమంటే కునికిపాట్లు పడే పిల్లల మెడల్లో ఒక్కో అక్షరం రాసిన అట్టముక్క కట్టి, "మీరే అక్షరాలు, మాటగా నిలబడండి" అన్నాను. ఇక ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లో ఒకటే కేకలు. ఆ గోలకి, మా బడి నడిచే గుడికి పెద్ద అయిన అప్పన్న తాత బడి మూయిస్తానంటూ వచ్చారు.

"ఇది చదువా, ఆటా?" అని గద్దించారు.

'ప' కట్టుకున్న లచ్చిమి ఆయన చెయ్యి పట్టుకుంది. "తాతా, మాకు 'డ' తక్కువైంది. నువ్వు రా."

తాత మెడలో 'డ' అట్టతో 'ప'కీ 'వ'కీ నడుమ నిలబడ్డారు. "పడవ!" అని పిల్లలంతా అరిచారు. చెరుకు పనికి పడవెక్కి వచ్చిన కూలీల మనవడైన తాత, వేలిముద్ర తప్ప సంతకం ఎరగని తాత, ఆ అట్ట విప్పనే లేదు.

"రేపు నా పేరు రాయించు మాస్టారూ" అన్నారు.

వారమంతా నా తల కాస్త ఎత్తుగానే ఉంటుంది, ఓర్చుకోండి. మీ బడిలో ఏ ఆట ఇలా గెలిచిందో చెప్పండి మరి!