ఎడమ పక్క జాగా

మా అక్క కెమెరా వెనుక తలుపుకు, కీలు ఉన్న కుడివైపున, సన్నని సందు ఉండేది. వెలుతురు దూరకుండా అంచున అతికించే నల్లని స్పాంజి పట్టీ ఏళ్లు గడిచి జిగురులా కరిగిపోవడమే దానికి కారణం. ఆ సందులోంచి వచ్చిన వెలుతురు ఫిల్మ్‌ను వెనుకనుంచి తాకేది. కలర్ ఫిల్మ్‌లో ఎరుపును పట్టే పొర అన్నిటికన్నా అడుగున ఉంటుంది కనుక మొదట దానికే తగిలేది. లెన్స్ బొమ్మను తలకిందులు చేసి కుడి ఎడమలు కూడా మారుస్తుంది కనుక, కుడివైపు సందు ఫొటోలో ఎడమవైపున నారింజరంగు మంటలా కనిపించేది. హూడిలో ఒక ఫ్యాక్టరీలో లెన్సుల పరీక్ష నా ఉద్యోగం. రాకూడని వెలుతురు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపడం నాకు రోజూ ఉండే పని.

ఆ మంట అక్క శైలి అని మాత్రం నేను గ్రహించలేదు.

అక్క యలహంకలో బడిపంతులమ్మ. సెలవు రోజుల్లో ఫొటోలు తీసేది. ఆమె మిత్రబృందంలో ఒకాయన మనుషులను కళ్లు మూసుకోమని చెప్పి తీసేవాడు. ఒకావిడ పోస్టర్లు చింపేసిన గోడలు తప్ప మరేమీ తీసేది కాదు. వాళ్లవి శైలులని నాకు చూడగానే అర్థమయ్యేది, ఎందుకంటే అవి ఎంపికలు. అక్క ఫొటోల్లోని ఎరుపును ఎవరైనా మెచ్చుకుంటే మర్యాదకు అంటున్నారనుకునేవాణ్ణి. ఒక్కో ఫొటోకు రీలు తిప్పాక ఆమె కెమెరా వీపును ఎండకు పెట్టి పిట్టగోడ మీద ఉంచి, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకునేది. నేను అజాగ్రత్త అని కోప్పడేవాణ్ణి. లెక్క పెరిగేకొద్దీ మంట చిక్కబడుతుందన్న సంగతి ఆమె చేతికి తెలుసు. పరికరాలతో కొలిచే నాకు తట్టలేదు.

అమ్మకు మూత్రపిండాలు రెండూ చెడిపోయాయని తేలినప్పుడు, ప్రతి ఆదివారం పొద్దున వరండా బల్ల మీద ఆమెను ఫొటో తీస్తానని అక్క చెప్పింది. అవి తప్పు లేకుండా రావాలని నేను కోరుకున్నాను. అక్క బడికి వెళ్లిన ఒక రోజు పాత పట్టీని స్పిరిట్‌తో తుడిచి, కొత్తది మిల్లీమీటరు తేడా లేకుండా కోసి అతికించాను. చీకటిగదిలో టార్చి వేసి పరీక్షించాను. చుక్క వెలుతురు కూడా దూరలేదు. "కెమెరా సర్వీసు చేసినానక్కా" అని మాత్రం చెప్పాను. దుమ్ము తుడిచాననుకుంది.

ఆదివారాల్లో నేనూ వెళ్లేవాణ్ణి. అమ్మను బల్ల కుడి చివరకు జరగమని అక్క వేధించేది.

"ఇంకా ఎంత జరిగేదే? గోడలోకి దూరల్నా?"

"ఇంకొంచెం అమ్మా. ఆ పక్క జాగా ఉండల్ల."

"ఎవరికే జాగా? మీ నాయనకా?"

"అనుకో."

"ఆయప్పకు ఇంత జాగా చాలదులే, కాళ్లు బారజాపుకుని గాని కూర్చునేటోడు కాదు," అని అమ్మ నవ్వేది. నాన్న పోయి అప్పటికి చాలా కాలమైంది. తర్వాత అక్క కెమెరాను ఎండకు పెట్టి లెక్కపెట్టేది. "దానికి ఎండ కాపిస్తా ఉండావే, చలికి వణికే దాన్ని నేను గదా!" అని అమ్మ సణిగేది. అక్క లెక్క తప్పేది కాదు. సందు మూసిన కెమెరాకు ఆమె అలా ఎండ చూపుతుంటే, ఎనిమిది నెలలపాటు పక్కనే కూర్చుని కాఫీ తాగాను.

కన్నుపెట్టి చూసే వ్యూఫైండర్‌లో ఆ మంట ఎప్పుడూ కనిపించేది కాదు. కడిగిన ఫిల్మ్‌లోనే తెలిసేది. అక్క ఏ రీలునూ వెంటనే కడిగించేది కాదు. తీసిన రోజు సంగతులు మనసులో చల్లారితే తప్ప ఫొటో కనిపించదని ఆమె నమ్మకం. రీళ్లన్నీ స్టీలు డబ్బాలో, ఫ్రిజ్‌లో, దోసెపిండి పక్కన ఉండేవి. అమ్మ పోయిన తర్వాత కూడా నాలుగు నెలలు ఆగింది. ఈలోగా పాత ఫొటోలు చూసిన ఒక గ్యాలరీవాళ్లు, అమ్మ ఫొటోలతో ప్రదర్శన పెడదామని అడిగారు.

ఫిల్మ్ కడిగి స్కాన్ చేసిన ఫొటోలు వచ్చిన సాయంత్రం నన్ను రమ్మని ఫోన్ చేసింది. లాప్‌టాప్ నా వైపు తిప్పింది. అమ్మ కుడి అంచున ఒదిగి కూర్చుని ఉంది. ఒక్కో ఫొటోలో ఇంకొంచెం చిక్కిపోయి ఉంది. ఎడమవైపు సగం బల్ల, బూడిదరంగు గోడ. ఇంకేమీ లేదు. నిజం చెప్పాలంటే, నాకు మొదట కలిగినది సంతృప్తి. అంచునుంచి అంచుదాకా ఎక్కడా మచ్చ లేదు, పని శుభ్రంగా కుదిరింది అనుకున్నాను. ఆ క్షణాన్ని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"ఏం చేసినావప్పా కెమెరాకు?"

చెప్పాను. పట్టీ మందం కూడా చెప్పాను. అలవాటు.

అక్క ఫొటోలను మళ్లీ మొదటినుంచి ఒక్కొక్కటిగా తిప్పింది. "కంప్యూటర్లో ఆ ఎరుపు వేయొచ్చక్కా, పాతవాటి కొలతలు తీసి, అచ్చం అట్లే వస్తాది," అన్నాను.

"ఆ పొద్దు అమ్మ పక్కన పడని ఎండ, ఇప్పుడు యాడనుంచి తెస్తావు?"

"పోనీ ఇట్లే పెట్టు. జనాలకు ఏం తెలుస్తాది?"

"నాకు తెలుసు గదప్పా. ఊరికే అమ్మను మూలకు తోసినట్టుండాది."

ప్రదర్శన వద్దని గ్యాలరీకి ఉత్తరం రాసింది. నేను పట్టీ పీకేస్తానన్నాను. ఎవరిని తీయడానికని అడిగింది. నేను బయలుదేరుతుంటే కెమెరాను సంచిలో పెట్టి నా చేతికిచ్చింది.

"నువ్వే పెట్టుకో. ఇప్పుడు బాగా పనిచేస్తా ఉండాది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె ముఖంలోకి చూశాను. లేదు. ఉండి ఉంటే నాకు కొంత తేలిక అయ్యేది.