రజియక్క పలకని మాటలు

నాపరాయి మీద తొలివాన వాసన వస్తే నాకు రజియక్క గొంతు వినిపిస్తుంది. తాండూరులో రిక్షా ఎక్కి, మైకు పట్టి, డప్పు దరువు మీద గుక్క తిప్పుకోకుండా సినిమా ప్రచారం చేసేది. "అక్కలారా, అన్నలారా, బండలు మోసే తమ్ములారా, ఆటకు జర రారా రారా!" బడిలో ఎక్కని చదువు నాకు ఆ రిక్షా వెనకే ఎక్కింది.

ఒకనాడు ఒక సినిమాలో చిన్న వేషం దొరికి, ఆమే తెర మీద కనిపించింది. కలలో నడిచినట్టు కడవతో వచ్చి, పెదవి కదపకుండా వెళ్లిపోయింది. హాలంతా ఆపరేటర్ మీద లేచింది: "అరే, సౌండు పెట్టురా! మా అక్క మాట్లాడకుండ ఉంటదా!"

"నాకు మాటలియ్యలేదు బిడ్డా," అని నా పక్కన కూర్చున్న రజియక్క తల వంచుకుంది.

మరునాడు తెర మీద పలకని మాటలన్నీ రిక్షాలో ఊరంతా తిరిగి పలికింది. సినిమా అంటే అంతేననుకున్నాను: బొమ్మ హాల్లో, మాట వీధిలో.

ఆ వేషమిచ్చినవాళ్లు ఆమె గొంతు వినడానికి మా వీధిలో ఎన్నడూ నిలబడలేదని పెద్దయ్యాక అర్థమైంది.